ఆయన ఎవరి మనిషి?

సిరక్యూస్‌లో తోట కొన్న కానియస్ కథ వింటే, హైదరాబాద్ శివార్లలో సైట్ విజిట్‌కు వెళ్లొచ్చినవాళ్లకు ఇదెక్కడో చూశామే అనిపిస్తుంది. ఈ రోమన్ పెద్దమనిషి సిసిలీ దీవికి విశ్రాంతి కోసం వచ్చి, చిన్న తోట ఒకటి కొనుక్కుంటే బాగుంటుందని నలుగురి చెవినా వేశాడు. పిథియస్ అనే వడ్డీ వ్యాపారికి ఆ మాట చేరింది. తన తోట అమ్మకానికి లేదని చెబుతూనే, రేపు భోజనానికి రమ్మని పిలిచాడు. ఈలోగా జాలర్లను రప్పించి, మర్నాడు తన తోట ముందే వలలు వెయ్యమని పురమాయించాడు. మర్నాడు విందు ఘనంగా జరిగింది. ఎదురుగా నీళ్ల మీద ఎటు చూసినా పడవలే. పట్టిన చేపలన్నీ తెచ్చి పిథియస్ కాళ్ల ముందు కుప్ప పోస్తున్నారు. ఊరు తినే చేపలన్నీ ఇక్కడివేనని విని కానియస్‌కు మనసు ఆగలేదు. బతిమాలి, అడిగినంత ఇచ్చి, సామానుతో సహా తోట కొనేశాడు. తెల్లారి స్నేహితులను పిలిస్తే ఒక్క పడవ లేదు. జాలర్లకు ఇవాళ పండగా అని పక్కింటాయన్ని అడిగితే, ఇక్కడ చేపలెవరూ పట్టరనీ, నిన్నటి హడావిడి ఏమిటో తనకే అర్థం కాలేదనీ ఆయన చెప్పాడు.

ఏసీ బస్సు, బిర్యానీ, ఇదే ప్లాటు పొద్దున ఇంకో పార్టీ అడిగిందనే ఫోను. రెండు వేల ఏళ్లలో వంటకం మారింది, అంతే.

ఈ కథ చెప్పినవాడు రోమన్ వక్త, తత్వవేత్త సిసెరో. క్రీస్తుపూర్వం 44లో, ఏథెన్స్‌లో చదువుకుంటున్న కొడుకుకు కర్తవ్యాల గురించి రాసిన గ్రంథంలో ఇది మూడో భాగంలో వస్తుంది. పిథియస్‌ది పచ్చి మోసం కాబట్టి అక్కడ తర్కానికి పెద్దగా పనిలేదు. అసలు చిక్కు అదే భాగంలో ఇంకో ఇంటి దగ్గరుంది. ఒకాయన ఇల్లు అమ్మకానికి పెట్టాడు. ఆ ఇల్లు ఆరోగ్యానికి మంచిది కాదు. పడగ్గదుల్లో పాములు కనిపిస్తాయి. కొయ్య పుచ్చిపోయింది. ఈ సంగతి యజమానికి తప్ప ఎవరికీ తెలియదు. చెప్పకుండా అమ్మవచ్చా?

డయోజెనిస్ అనే స్టోయిక్ తత్వవేత్త అమ్మవచ్చన్నాడు. కొనమని అతనేమీ బలవంతపెట్టలేదు కదా, నోరు విప్పకపోవడమూ దాచడమూ ఒకటి కాదు, నా ఇల్లు బాగాలేదు కొనుక్కోండని దండోరా వేయించే వెర్రివాడు ఎక్కడైనా ఉంటాడా అన్నది ఆయన వాదన. ఆయన శిష్యుడు ఆంటిపేటర్ ఒప్పుకోలేదు. దారి తప్పినవాడికి దారి చూపకపోవడమే పాపమైతే, తెలిసి తెలిసి ఒకణ్ణి తప్పుదారిలోకి దించడం అంతకన్నా హీనం అన్నాడు. సిసెరో శిష్యుడి వైపే మొగ్గాడు.

మన చట్టం కూడా దాదాపు శిష్యుడి పక్షమే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఆస్తిలో గానీ హక్కులో గానీ ఉందని తెలిస్తే అమ్మేవాడు చెప్పి తీరాలి. హైదరాబాద్‌లో ఇవాళ పడగ్గది పాములంటే ఎఫ్‌టీఎల్. చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత. 2024 జులైలో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడి, చెరువుల్లో కట్టిన కట్టడాలను కూల్చడం మొదలుపెట్టాక గానీ చాలామంది ఈ మూడక్షరాల గురించి పట్టించుకోలేదు. ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, అదే ఈసీ, తీస్తే తాకట్లు, పాత రిజిస్ట్రేషన్లు కనిపిస్తాయి గానీ చెరువు కనిపించదు. అది ఆ కాలనీలో పదేళ్లుగా తిరిగే మనిషికి తెలుస్తుంది.

ఆ మనిషి బ్రోకరు. గురుశిష్యులిద్దరూ అమ్మేవాణ్ణి, కొనేవాణ్ణి కూర్చోబెట్టి వాదించారు గానీ ఈ మూడో కుర్చీ సంగతి మరిచిపోయారు. పాములున్నాయని తెలిసిన బ్రోకరు ఎవరికి చెప్పాలి? అమ్మేవాడి మనిషైతే నోరు మెదపకూడదు. కొనేవాడి మనిషైతే ముందు ఆ మాటే చెప్పాలి. తెలుగు నగరాల్లో ఆయన చాలాసార్లు ఇద్దరి మనిషి. ధరలో ఒక శాతమో రెండు శాతమో అటూ ఇటూ తీసుకోవడం వాడుక. ఆ శాతం ఇంతే ఉండాలని ఇక్కడ ఏ చట్టమూ చెప్పలేదు. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ఏజెంట్లు నమోదు చేసుకోవాలంది. నమోదు లేకుండా పనిచేస్తే రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆస్తి ధరలో 5 శాతం దాకా జరిమానా వేయవచ్చంది. తప్పుడు మాటలు చెప్పి అమ్మించకూడదనీ అంది. కానీ ఆ చట్టం కన్ను కొత్త ప్రాజెక్టుల మీద. వీధి చివర పాన్‌షాపు పక్కన కూర్చుని పాత ఫ్లాట్లు చేతులు మార్పించే మనిషిని అది పెద్దగా పట్టించుకోదు.

కాసేపు ఆయన లెక్కలో చూద్దాం. 80 లక్షల ఫ్లాటు, చెరో ఒక శాతం అంటే లక్షా 60 వేలు. కొనేవాడి తరఫున గట్టిగా బేరమాడి రెండు లక్షలు తగ్గిస్తే ఆయనకు పోయేది నాలుగు వేలు. అమ్మేవాడి తరఫున నెల ఆగి రెండు లక్షలు పెంచితే వచ్చేదీ ఆ నాలుగు వేలే. ఆ నెలలో బేరమే చెడితే మొత్తం పోతుంది. కాబట్టి ఆయన ఇద్దరి మనిషీ కాదు, బేరం మనిషి. ఎలాగైనా తెగాలి, ఇవాళే తెగాలి. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన స్టీవెన్ లెవిట్, చాడ్ సైవర్సన్ ఆ నగర పరిసరాల్లో దాదాపు లక్ష ఇళ్ల అమ్మకాలను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతినే అంకెల్లో పట్టుకుంది. ఏజెంట్లు తమ సొంత ఇల్లు అమ్ముకున్నప్పుడు, పరాయివాళ్ల ఇల్లు అమ్మిపెట్టినప్పటి కన్నా సగటున తొమ్మిదిన్నర రోజులు ఎక్కువ ఆగారు. 3.7 శాతం ఎక్కువ ధర రాబట్టుకున్నారు.

ఇంతా చెప్పి బ్రోకరును దొంగను చేస్తే అన్యాయం. ఎండలో పదిమందికి ఇళ్లు చూపిస్తే ఒకటి తెగుతుంది. మిగతా తొమ్మిది తిరుగుళ్ల పెట్రోలు ఎవరూ ఇవ్వరు. ఆయన చూపించిన ఇంటికే, ఆయనకు తెలియకుండా సాయంత్రం ఓనరు దగ్గరికి నేరుగా వెళ్లి మాట్లాడేసుకునే మర్యాదస్తులు ప్రతి కాలనీలో ఉన్నారు. వాళ్లకూ ధర్మం గురించి గట్టి అభిప్రాయాలే ఉంటాయి.

దళారి కూలి ధర్మమేనా అన్న ప్రశ్నను ఇస్లాం పండితులు చాలా లోతుగా తవ్వారు. మదీనా బజారులో దళారులను ‘సమాసిరా’ అనేవారు. ప్రవక్త వాళ్లను అంతకన్నా మంచి పేరుతో, వర్తకులారా అని పిలిచి, బేరంలో వట్టిమాటలూ ఒట్లూ దొర్లుతాయి కాబట్టి దానధర్మాలు కలుపుకోమన్నారని హదీసు. బుఖారీ హదీసు సంకలనంలో దళారి కూలికి వేరే అధ్యాయమే ఉంది. అందులో ప్రవక్త సహచరుడు ఇబ్న్ అబ్బాస్ అభిప్రాయం హైదరాబాద్ బ్రోకరుకు సొంత భాషలా వినిపిస్తుంది: ఈ గుడ్డ అమ్మిపెట్టు, ఇంతకు పైన ఎంతొస్తే అంత నీది అని చెప్పడంలో తప్పులేదట. నా చేతికి 60 రావాలి, పైన నీ ఇష్టం అని మన ఓనర్లు అనేది అదే. అయితే అక్కడ ఆ మాట అన్నది సొంతదారు. ఓనరుకు 60 అనీ, కొనేవాడికి 66 అనీ చెప్పి, మధ్య ఆరు లక్షలు ఇద్దరికీ తెలియకుండా మింగడం వేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం కూడా ఆ గీతనే గీసింది. యజమానికి తెలియకుండా ఏజెంటు తన సొంతానికి లావాదేవీ నడిపితే, అందులో వచ్చిన లాభం యజమాని అడిగి తీసుకోవచ్చు. తప్పుడు నడత రుజువైన పనికి ఏజెంటుకు కమీషను అడిగే హక్కే లేదు.

మనవాళ్ల దగ్గర ఇంకో వెసులుబాటు ఉంది. పెళ్లిళ్ల పేరయ్య వంద అబద్ధాలాడినా ఫరవాలేదనే లోకం మనది. భాగవతంలో శుక్రాచార్యుడు బలికి చెప్పిన మినహాయింపుల జాబితాలో వివాహంతో పాటు ప్రాణం, విత్తం, మానం పోయే సందర్భాలు కూడా ఉన్నాయి. అదీ నేల బేరం దగ్గరే, మూడడుగుల నేల. బ్రోకర్లే కాదు, పాత పగుళ్లకు రాత్రికి రాత్రి పుట్టీ పెట్టి రంగు వేయించే ఓనర్లు కూడా శుక్రుడి శిష్యులే. బలి మాత్రం ఆ జాబితా అంతా విని కూడా దాన్ని వాడుకోలేదన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. మధ్యవర్తుల్లో మహా మధ్యవర్తి కృష్ణుడు రాయబారానికి వెళ్లినప్పుడు కూడా, ఆయన పాండవుల మనిషని కౌరవ సభలో తెలియనివాళ్లు లేరు. చెప్పేది సంధి మాటలే గానీ వినేవాడికి తూకం వేసుకునే వీలుంది.

అమెరికాలో ఈ ‘ఎవరి మనిషి’ అన్న ప్రశ్నకు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. అక్కడ కొనేవాడి ఏజెంటుకు కూడా అమ్మేవాడి ధరలోంచే కమీషను వెళ్లేది. రెండూ కలిపి ఐదారు శాతం. కొనేవాళ్లేమో మా ఏజెంటు ఉచితం అనుకునేవాళ్లు. 2023 అక్టోబరు 31న కాన్సస్ సిటీలో జ్యూరీ, ఈ పద్ధతి పోటీని అణగదొక్కే కుట్రేనని తేల్చి దాదాపు 178 కోట్ల డాలర్ల నష్టపరిహారం నిర్ణయించింది. మరుసటి మార్చిలో నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ 41.8 కోట్ల డాలర్లకు రాజీపడింది. 2024 ఆగస్టు 17 నుంచి, ఏజెంటు వెంట ఇల్లు చూడబోయే ముందే అతనికి ఎంత ఇస్తారో రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం పెట్టాలి. అక్కడి ఫ్రిస్కో పట్టణంలో ఇల్లు వెతికే తెలుగు కుటుంబానికి, ఆదివారం గుళ్లో కలిసే అన్నయ్యతోనే ఈ కాగితం రాసుకోవడం మొదట ఎబ్బెట్టుగానే ఉంటుంది. మనలో మనకు కాగితాలేమిటి అనిపిస్తుంది.

హైదరాబాద్‌లో ఆ కాగితం ఇంకా రాలేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫొటోలు, వేలిముద్రలు అయ్యాక బ్రోకరు ఓనరును జిరాక్స్ షాపు వైపు తీసుకెళతాడు. పావుగంట తర్వాత కొన్నవాడితో టీ కొట్టు దగ్గర నిలబడతాడు. ఎంతిచ్చారని వీళ్లు ఒకరినొకరు అడగరు. ఆయనెవరండీ అని పక్కవాళ్లెవరైనా అడిగితే, ఇద్దరూ విడివిడిగా చెప్పేది ఒకటే: మన మనిషే.