బాకీ ఎవరిది?

మా తాత పాలేరు. గుడివాడ పక్క ఊళ్లో ఒక ఆసామి దగ్గర పదేళ్ల వయసులో పశువులకాడ చేరి, గెడ్డం నెరిసేదాకా చేశాడు. ఉగాదికి జీతం కుదుర్చుకోవడం, నడుమ పెళ్లికో చావుకో అప్పు తీసుకోవడం, ఆ అప్పు కింద మళ్లీ ఏడాది దున్నడం. ఆ లెక్క రాసిన పుస్తకం ఆసామి ఇంట్లో ఉండేది. దాన్ని చదవగలిగినోడు మా ఇంట్లో లేడు. డిగ్రీ చదివి బళ్లో పంతులైన మొదటివాణ్ణి నేనే.

వెట్టిచాకిరీని రద్దు చేసిన చట్టం 1976 ఫిబ్రవరి 9న వచ్చింది. 1975 అక్టోబరు 25 నుంచే అమలైనట్టు అందులో రాశారు. వెట్టిలో ఉన్నవాడు విడుదలయ్యాడు, వాడి అప్పు రద్దయింది. ఆ కబురు మా పల్లెకొచ్చి చెప్పినవాడు లేడు. "నిన్నెవరు విడిపించారు తాతా?" అని అడిగితే, "ఎవరూ ఇడిపించలేదురా. ట్రాక్టరొచ్చింది, నాతో పన్లేకపోయింది" అన్నాడు.

ఫిబ్రవరి 9న కొన్నిచోట్ల అధికారులు వెట్టిచాకిరీ నిర్మూలన దినం జరుపుతారు. కేలండర్లో అది ఎర్ర అంకె కాదు. దాన్ని సెలవు చెయ్యాలా అని మా టీచర్ల మధ్య వాదన వచ్చింది. "ఆగస్టు 15 అందరిదీ కదా మాస్టారూ, మళ్లీ మీకో స్వాతంత్ర్య దినమా?" అన్నాడొకాయన.

ఈ మాట అమెరికాలోనూ వినపడింది. బానిసల విముక్తి ప్రకటన 1863 జనవరి 1న వెలువడితే, టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో సైన్యం దాన్ని చాటింది 1865 జూన్ 19న. నల్లజాతివాళ్లు పండగ చేసుకుంటూ వచ్చిన ఆ రోజు 2021లో జాతీయ సెలవయింది. ప్రతినిధుల సభలో 14 మంది వద్దన్నారు. దానికి స్వాతంత్ర్య దినమని పేరు పెడితే జూలై 4కి పోటీ అవుతుందని వాళ్లలో కొందరి అభ్యంతరం. 1776 జూలై 4న బానిసకి దక్కిన వాటా ఎంత? ఇక్కడా అంతే. తెల్లదొరలు పోవాలని దేశమంతా పాడుతున్న కాలంలోనే కుసుమ ధర్మన్న నల్లదొరల సంగతేంటని పాట కట్టి అడిగాడు. కాళ్లకి రెండు సంకెళ్లుంటే, ఒకటి తెగిన రోజు రెండోదానికీ ఎట్లా సరిపోద్ది?

ఉద్యమంలో ఉన్న మిత్రుడొకడు ఇంకో వైపు నుంచి కాదన్నాడు. "భూమి అడిగేవాడికి పండగ చేతిలో పెడతారు, దణ్ణం పెట్టి పొమ్మంటారు" అని. దీన్ని తోసెయ్యలేం. గాల్వెస్టన్‌లో చదివిన ఆజ్ఞలోనే, విడుదలైనవాళ్లు ఉన్నచోటే ఉండి కూలికి పనిచేసుకోమని ఉంది. సెప్టెంబరు 17 చూడండి. 1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిన ఆ రోజుని 2022లో కేంద్రం విమోచన దినమంది, రాష్ట్రం సమైక్యతా దినమంది. ఒకే నగరంలో రెండు సభలు. దొర గడీలో వెట్టి చేసిన మాల, మాదిగ, చాకలి ఆ రెండు పేర్లలోనూ కనపడడు.

మా అమ్మ మాట వేరు. "సెలవు నీకురా. మినుము పీకడానికి ఎల్లకపోతే నాకు కూలెవడిస్తాడు?"

నన్ను కలవరపెట్టేది ఒకటుంది. అప్పు రద్దు చేశామన్నారంటే, అప్పు మా తాతదేనని ముందే ఒప్పుకున్నట్టు. చట్టం ఆయన బాకీ కొట్టేసింది. ఆయనకి రావాల్సిన ఇన్నేళ్ల కూలి మాత్రం లెక్క కట్టలేదు. కాబట్టి విముక్తి దినం కృతజ్ఞత చెప్పుకునే రోజయితే నాకొద్దు. బాకీ ఎవరిదో అడిగే రోజయితే కావాలి.

ఆ రోజు బడి తెరిచే ఉండాలి. పిల్లలు తాతల్నీ నాయనమ్మల్నీ అడిగి రాసుకురావాలి: ఎవరి దగ్గర, ఎన్నేళ్లు, ఎంతకి? పొలానికెళ్లే కూలీలకి మాత్రం కూలితో సెలవివ్వాలి. ఆ కూలి ఎవరిస్తారని ఎదురడుగుతారు. అడగనిద్దాం. పోట్లాట రోజు పేరు మీద కాదు, ఆ కూలి మీద జరగాలి.