తెలుసుకోవడమూ ధర్మమే
ఇంట్లో వాడే ఓరాక్విక్ హెచ్ఐవీ పరీక్షను అమెరికా 2012లో అనుమతించింది. పుల్లతో చిగుళ్లను తుడిచి ద్రావణంలో ఉంచితే 20 నిమిషాల్లో ఫలితం తేలుతుంది. ఇంత సులువయ్యాక, తెలియక చేసిన హానికి దోషం లేదన్న మాట నిలవదు. వీలుండీ తెలుసుకోకపోవడం మనం ఎంచుకున్నదే. మన వల్ల ఎదుటివారికి ముప్పుందేమో చూసుకోవడమూ అహింసలో భాగమే.

పరీక్ష చేసుకోమని భాగస్వామిని అడగడమంటే అనుమానించడమేనని కొందరు బాధపడతారు. ఇద్దరూ ఇష్టపూర్వకంగా కలిసి చేసుకుంటే అది పరస్పర బాధ్యత. బలవంతపెడితే మాత్రం అధర్మం. నెగెటివ్ వస్తే కండోమ్ మానేస్తారన్న అభ్యంతరం ఇంకా బలమైనది. వైరస్ సోకాక 3 నెలల దాకా ఈ పరీక్షకు చిక్కకపోవచ్చు. కాబట్టి ఆ హద్దు తెలుసుకోవడమూ ధర్మంలో భాగమే. పాజిటివ్ వస్తే ల్యాబ్‌లో నిర్ధారించుకోవాలి. మందులతో రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గి, అలాగే ఉంటే లైంగికంగా ఎవరికీ సోకదు. భయపడి తప్పించుకునే నిజమే ఇద్దరినీ కాపాడుతుంది.