కడుపు నిండినా కన్ను నిండలేదు



చైనాలో వైద్యవిద్య ముగించి వచ్చిన మన విచారణ యువకుడొకడు మొన్న నాకొక సంగతి చెప్పాడు. అతని అనుమతితోనే మీకు వివరిస్తున్నాను.

ఆ దేశంలో 'హాట్‌పాట్' అనే భోజనం ఉన్నది. బల్ల మధ్య పొయ్యి, దానిపై మరిగే రసం. చోంగ్‌చింగ్ నగరంలోనైతే ఆ రసంలో పశువుల కొవ్వు, ఎండుమిరపకాయలు, నాలుకను తిమ్మిరెక్కించే ఒక రకం మిరియాలు వేస్తారు. పల్చగా కోసిన పచ్చి మాంసం, పుట్టగొడుగులు, ఆకుకూరలు పళ్ళాలలో వస్తాయి. ఎవరికి కావలసినవి వారు రసంలో ఉడికించుకొని తింటారు. కొన్ని హోటళ్ళలో మనిషికింత అని ఒకే ధర. గడువులోగా ఎంతైనా తినవచ్చు.

"నలుగురం వెళ్ళాం ఫాదర్. ఇచ్చిన డబ్బు గిట్టాలని పళ్ళెం మీద పళ్ళెం తెప్పించాం. కడుపు నిండింది గాని కన్ను నిండలేదు. చివరకు మూడు పళ్ళాల మాంసం మిగిలింది. మిగిల్చితే అదనంగా కట్టాలని గోడమీద రాసి ఉంది. ఆ ముక్కలన్నీ కుండలోకి తోసి, మిరపకాయల కింద దాచి వచ్చేశాం. ఎవరూ చూడలేదు. ఆ రాత్రి అమ్మ ఫోను చేసి, 'తిన్నావా నాయనా?' అని అడిగింది. నా చదువుకు అప్పు చేసిన తల్లి. తిన్నానమ్మా అనడానికి నోరు రాలేదు."

ప్రియులారా, ఆ బిడ్డ తప్పేమిటి? కడుపునిండా తినడమా? కాదు. యోహాను సువార్త 6వ అధ్యాయం చదవండి. 5 రొట్టెలు, 2 చేపలతో ప్రభువు 5,000 మంది పురుషులకు విందు చేశారు. అక్కడ కొలత లేదు. ఎవరికి కావలసినంత వారు తిన్నారు. అయితే అందరూ తృప్తి చెందిన వెంటనే, మిగిలిన ముక్కలు ఏరండి, ఏదీ వ్యర్థం కారాదని ప్రభువు ఆజ్ఞాపించారు. 12 గంపలు నిండాయి. లేనిచోట రొట్టెలు పుట్టించగల దేవునికి ముక్కలతో పనేమిటి? కొదువ వలన కాదు, ఆహారంపట్ల గౌరవం వలన ఏరించారు.

ఎడారిలో మన్నా కురిసినప్పుడు కూడ ఎవరు తినగలిగినంత వారు తీసుకోవాలన్నదే నియమం. ఆజ్ఞ మీరి మరునాటికి దాచుకున్నది పురుగు పట్టింది. ఆకలికి పురుగు పట్టలేదు, ఆశకు పట్టింది.

"నేను డబ్బు కట్టాను, పారేస్తే నీకేమి?" అంటారు కొందరు. మనమిచ్చిన డబ్బు హోటలు యజమానికి చెల్లుతుంది. దున్నినవాని చెమటకు, పస్తున్నవాని ఆకలికి అది చెల్లదు. ఆహారాన్ని పారేయడం బీదల బల్లమీదినుండి దొంగిలించడమేనని 2013లో దివంగత ఫ్రాన్సిస్ పోపుగారు బోధించారు.

మితిమీరి మిగిల్చిన వారినుండి రుసుము వసూలు చేయవచ్చని చైనా 2021 ఏప్రిల్ 29న చట్టమే చేసింది. చట్టానికి కుండ అడుగు కనబడదు, మనస్సాక్షికి కనబడుతుంది.

హోటళ్ళను నిందించి ఊరుకుందామా? ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం 2022లో లోకంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో నూటికి 60 వంతులు ఇళ్ళలోనే! ఇక మన పెళ్ళిళ్ళలో బఫే బల్ల దగ్గర మన చేతులేమి చేస్తున్నవో మనకు తెలియదా?

చోంగ్‌చింగ్‌లో 9 గడుల కుండ ఉన్నది. పూర్వం పేద కూలీలు, ఒకరికొకరు తెలియనివారు, ఒక్కొక్క గడి పంచుకొని తినేవారని చెబుతారు. గడులు వేరైనా కింద మంట ఒక్కటే. మన ఇంటి పళ్ళెం, పొరుగింటి ఖాళీ పళ్ళెం కూడ ఒకే తండ్రి బల్లమీదివి.

కాబట్టి ఈ వారం ఒక పని చేయండి. మొదట కొంచెమే వడ్డించుకోండి. చాలకపోతే మళ్ళీ అడగండి. విందు చేసినవారు మిగిలినది చెడకముందే ఆకలిగొన్నవారికి చేర్చండి. అప్పుడు 'తిన్నావా నాయనా?' అని పరలోక తండ్రి అడిగినప్పుడు, "తిన్నాను తండ్రీ, నా తమ్ముడు కూడ తిన్నాడు" అని చెప్పగలం.

ప్రభువు మిమ్ము దీవించునుగాక!