ప్రణయమును కలమును

వ్రాతచే జీవింపదలచిన యువకునకు నూతన ప్రణయము తటస్థించినచో, సాయంకాల మెవరిది? కొలువుననున్నవానికి గడియారమే యీ తీర్పు చెప్పును. వ్రాతగానికి ప్రతిగంటయు బేరమునకు వచ్చినదే.

చార్లెస్ డికెన్సు 1835లో కేథరీన్ హోగార్తును వివాహమాడ నిశ్చయించుకొనెను. అప్పు డాతనికి పత్రికా విలేఖకత్వ మొకవైపు, కథారచన యొకవైపు. ఆమె యింటికి చేరువ నుండుటకై బస మార్చియు, వ్రాతపని ముగియనందున రాజాలనని పలుమారు జాబు లంపెను. 1836 ఫిబ్రవరిలో నెలకు 14 పౌనుల చొప్పున ‘పిక్విక్’ రచనకు పిలుపు వచ్చెను. ఏప్రిల్ 2న పెండ్లి జరిగెను. ధనము లేనిదే కాపురము లేదు గనుక ఆతని శ్రమను మేము నిందింపము. కాని “ఇదంతయు నీకొఱకే” యని ప్రణయులు చెప్పు మాటలో నొక మోసమున్నది. నిశ్చయించువా డొకడు, ఎదురుచూచున దొకతె. ఆమెకు వర్తమానము చేరును గాని ఆమె యాలోచన నెవరు నడుగరు. ఏ సాయంకాలములు తనవో, ఏవి యిరువురివో ముందుగా ఆమెతో గూర్చుండి తేల్చుకొనకుండుటయే దోషము. మన యిండ్లలో నీ ప్రశ్న వేసిన కన్యకు గయ్యాళి యను పేరు వచ్చును!

1858లో ఆ దంపతులు వేఱైరి. 1860లో డికెన్సు తన కందిన జాబులను తగులబెట్టెను. ఆమె మాత్ర మాతని జాబులను దాచి, 1879లో మరణించుటకు ముందు, బ్రిటిష్ మ్యూజియమునకు చేర్పుమని కూతున కప్పగించెను. రాజాలనన్న జాబులను నేటికిని చదువవచ్చును. వాని కామె వ్రాసిన ప్రత్యుత్తరములు లేవు.