ఆలస్యంగా వచ్చినవాళ్లను కసరకు తల్లీ

అమ్మలూ,

అమెరికాలోని విల్మింగ్టన్‌లో, పేదలుండే పేటలో క్లినిక్‌లో చేరుతున్నావని తెలిసి నాకూ మీ పెద్దమ్మకూ ఎంత సంతోషమో. నీకొక్క మాట చెప్పాలి.

నేను సర్జన్‌గా ఉన్న రోజుల్లో, విరేచనంలో నెత్తురు పడుతుంటే మొలలనుకుని నెలల తరబడి పసరు మందులు వాడి, పెద్దపేగు క్యాన్సర్ ముదిరాక ఆఖరికి మా దగ్గరికి వచ్చేవాళ్లు. "ఇన్నాళ్లూ ఏం చేశావయ్యా?" అని కసిరేవాణ్ణి. ఒక కూలీ తలవంచుకుని, "పనికి పోకపోతే ఆ పూట పొయ్యి వెలగదు బాబూ" అన్నాడు. మళ్లీ ఆ ప్రశ్న ఎవర్నీ అడగలేదు.

అక్కడా అంతే. పేదల పేటల్లో పెద్దపేగు క్యాన్సర్ ఎక్కువ, ముదిరాక బయటపడటమూ ఎక్కువ. పొగ, ఊబకాయం, తాజా కూరగాయలు దొరకని వీధులు కొంత కారణం. వేళకు పరీక్ష అందకపోవడం మరో పెద్ద కారణం. పేగు లోపల మొలిచే పాలిప్ అనే చిన్న కండ క్యాన్సర్‌గా మారడానికి సుమారు పదేళ్లు పడుతుంది. ఈలోగా, పేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీలో దాన్ని తీసేస్తే, దాన్నుంచి ఆ జబ్బు రాదు. పేగులో ఉండగానే దొరికితే పదిమందిలో తొమ్మిదిమంది అయిదేళ్లు దాటి బతుకుతారు. దూరాన ఉన్న అవయవాలకు పాకాక దొరికితే ఇద్దరు కూడా మిగలరు.

45 నిండిన వాళ్లకు కొలనోస్కోపీ రాసిస్తావు. రాయగానే అయిపోదమ్మా. ముందురోజు పేగు శుభ్రం కావడానికి మందు తాగి, మాటిమాటికీ దొడ్డికి పరిగెత్తాలి. ఇంటిల్లిపాదికీ ఒకటే బాత్‌రూమ్ అయితే ఎలా? మర్నాడు మత్తిస్తారు, ఇంటికి దించడానికి మనిషి కావాలి. కొడుకు షిఫ్టులో ఉంటాడు, కారు ఉండదు, రెండు రోజుల జీతం పోతుంది. జబ్బు సంగతి అడిగినంత ఓపికగా ఇవీ అడుగు. కుదరదన్నవాళ్లకు ఇంట్లోనే మలం నమూనా తీసుకునే ఫిట్ పరీక్ష ఇవ్వు. అందులో తేడా కనిపిస్తే మాత్రం కొలనోస్కోపీ తప్పదని ముందే చెప్పు.

నువ్వు వెళ్లే డెలావేర్ రాష్ట్రమే ఈ దారి వేసింది. బీమా లేని పేదలకు 2002 నుంచి కొలనోస్కోపీ ఖర్చు, 2004 నుంచి క్యాన్సర్ తేలితే వైద్యం ఖర్చు భరించింది. తేదీ కుదిర్చి, బండి చూసిపెట్టి, వెన్నంటి ఉండే నర్సు నావిగేటర్లను పెట్టింది. 2002లో యాభై నిండిన నల్లజాతీయులు తెల్లవాళ్లకన్నా వెనకబడి ఉండేవాళ్లు, వాళ్లలో 48 శాతానికే పరీక్ష జరిగింది. 2009కి అది 74 శాతమై తెల్లవాళ్లతో సమానమైంది. నల్లజాతీయుల్లో పేగు దాటి పాకాక బయటపడే కేసులు 79 శాతం నుంచి 40కి తగ్గాయి.

చేరిన రోజే మీ క్లినిక్‌లో ఆ నావిగేటర్ ఎవరో కనుక్కో. ఎవరూ లేకపోతే తేదీ, బండి కుదిర్చే ఆ ఫోన్లేవో నువ్వే చెయ్యి తల్లీ.