తాత తిప్పిన డబ్బా

బొంబాయి కామాఠీపురాలో ఒక చాల్, మూడో అంతస్తులో ఒక ఖోలీ, అంటే గది. అందులో ఒక మేస్త్రి తాత ఉండేవాడు. తెలంగాణ పల్లెల నుంచి కట్టుబడి పనికి వచ్చిన కామాఠీల పేరే ఆ వాడకు నిలిచింది. తాతదీ అదే తోవ. పొద్దంతా ఇటుకలు మోసినా రాత్రి ట్రాన్సిస్టర్‌లో హైదరాబాద్ స్టేషన్ వినందే నిద్రపోడు. 738 కిలోహెర్ట్జ్. పగలు రాదు. చీకటి పడ్డాక మీడియం వేవ్ ఆకాశపు పై పొర నుంచి మళ్లి, 600 కిలోమీటర్లు దాటి వచ్చేది.

మనవడు రేడియోకున్న స్టీలు పుల్లను బారెడు గుంజి కిటికీ బయటికి పెట్టేవాడు. గరగర తగ్గేది కాదు. పైగా బొంబాయి స్టేషన్ మీదపడేది.

"పుల్ల గుంజితె రాదు బిడ్డా. అది షార్ట్‌వేవ్‌కు. దీని చెవి లోపలుంది" అంటూ తాత వెనక మూత విప్పి, రాగితీగ చుట్టిన నల్లటి ఫెర్రైట్ కడ్డీ చూపించాడు.

డబ్బాను కిటికీ గట్టున పెట్టి మెల్లగా తిప్పాడు. కడ్డీ కొస ఉత్తరాన మలాడ్ ప్రసార స్తంభాల వైపు నిలవగానే ఆ హోరు సన్నగిల్లింది. కడ్డీ తన కొసల వైపు నుంచి వచ్చేదాన్ని దాదాపు వినదు, పక్కల నుంచి వచ్చేదాన్నే వింటుంది. హైదరాబాద్ తూర్పున ఉంది. తెలుగు వార్తలు తేటగా వచ్చాయి. పక్క ఖోలీల వాళ్లు గడప దగ్గర చేరారు.

ఆ మనవడు పెద్దవాడై విమానం నడపడం నేర్చుకుంటూ చేతి రేడియో ఒకటి కొన్నాడు. రబ్బరు యాంటెన్నా పొట్టిగా ఉందని వేరే రేడియోది పొడుగుది బిగించాడు. సరిగ్గా అమరింది, కానీ టవర్ గొంతు ఇంకా పలచబడింది. అది మరో బ్యాండ్‌కు చేసినది. కిటికీ బయటికి తాను గుంజిన పుల్ల గుర్తొచ్చింది.

నీతి: యాంటెన్నాను పొడుగు చూసి ఎంచుకోకూడదు, అందుకోవాల్సిన అలను బట్టి ఎంచుకుని, అది వచ్చే తీరును బట్టి నిలపాలి. విమానాల మాటలు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తాయి. అల పొడవు సుమారు 2.4 మీటర్లు, అందులో పావు 60 సెంటీమీటర్లు. రబ్బరు యాంటెన్నా ఆ పొడవును చుట్టలో కుదించుకుని కొంత బలం పోగొట్టుకుంటుంది. టవర్ యాంటెన్నా నిలువుగా ఉంటుంది కనుక చేతిలోదీ నిలువుగానే ఉండాలి. నడుముకు తగిలిస్తే ఒళ్లే అడ్డం. లోహపు విమానం లోపలైతే ఆ లోహమే గోడ, అందుకని బయటి యాంటెన్నాకు కలిపే తీగ ముందే సిద్ధంగా ఉండటం మేలు. మనవడు ఎగిరే ముందు ఆ తీగ చేతికి అందుతుందో లేదో చూసుకుంటాడు. అది లేని విమానంలో రేడియోను అద్దం పక్కన నిలువుగా పట్టుకుని, తాత డబ్బా తిప్పినంత మెల్లగా జరుపుతూ గొంతు ఎక్కడ తేటపడుతుందో వెతుకుతాడు.