పసిబిడ్డ భద్రత, పరికరాల ఖరీదు

బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊరి నడుమనుంచే పారే విజయవాడలోనూ, గుమ్మం దాటితే పంటకాలువ ఎదురయ్యే కృష్ణా డెల్టా పల్లెల్లోనూ పసిబిడ్డ విషయంలో ముందుగా తలచుకోవలసిన ప్రమాదం నీరే కనుక, భద్రతా పరికరాలకు పెట్టే ఖర్చును కూడా ఆ దృష్టితోనే తూచవలసి ఉంటుంది. స్నానాల గదిలో సగం నిండిన బకెట్టు అంచు పట్టుకుని నిలబడిన ఏడాది బిడ్డ లోపలికి తొంగిచూసినప్పుడు, ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ కావడంచేత తలకిందులుగా పడిపోతుంది. తనంతట తాను లేవలేదు, కేక కూడా వినిపించదు. బకెట్టు బోర్లించడానికి, నీళ్ల డ్రమ్ముకు మూత బిగించడానికి పైసా ఖర్చు లేదు. మునక మరణాల నివారణకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించేవి కూడా నీటికి అడ్డుకట్టలు, పెద్దల కనుసన్నల్లో శిశు సంరక్షణ వంటి ఉపాయాలే.

వాకర్, అనగా బిడ్డను నిలబెట్టి తిప్పే చక్రాల చట్రం, నడక నేర్పకపోగా బిడ్డను మెట్ల దాకా, పొయ్యి దాకా వేగంగా చేరుస్తుంది కాబట్టే కెనడా దానిని 2004లో నిషేధించింది. గుండె లయను కొలిచే ఖరీదైన మేజోళ్లు నిద్రలో సంభవించే ఆకస్మిక శిశు మరణాన్ని ఆపుతాయని నమ్మడం పొరపాటు. బిడ్డను గట్టి పరుపుపై వెల్లకిలా పడుకోబెట్టడమే మేలు. కారున్న ఇంటికి మాత్రం శిశు సీటు తప్పనిసరి ఖర్చు. వాకర్ కోసం దాచిన సొమ్ము ఉంటే, దానితో ముందు కాలువవైపు గుమ్మానికి అడ్డుతలుపు పెట్టించండి.